వదిన కోసేసిన కట్టరు

మంగళవారం ఉదయం ధర్సీవాలో నా వెల్డింగ్ షెడ్డు తాళం తీస్తుండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన నిద్రలోనే ఎల్లిపోయిందిరా" అన్నాడు. తాళం మళ్లీ వేసి అన్నయ్యవాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ దారి పట్టాను.

అన్నయ్య రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో గ్యాస్ కట్టరుతో ఇనుము కోసేవాడు. సెలవు రోజుల్లో ఇంటి వెనక రేకుల కింద పాత కట్టర్లు బాగుచేసేవాడు. వదిన పక్కన కూర్చుని పనిముట్లు అందిస్తూ పని నేర్చుకుంది. ఒకసారి అన్నయ్య చెయ్యి కాలింది, వర్క్‌షాపులోనే అన్నారు. ఆయనకి చూపు తగ్గాక ఆ పని పూర్తిగా ఆమెదే అయింది.

కట్టరు ముట్టుకునే ముందు వదిన రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునేది. తలకి కొబ్బరినూనె రాసుకున్న రోజున అసలు ముట్టేదే కాదు. ఆక్సిజన్ తగిలే చోట నూనె ఉంటే నిప్పు పుడుతుందని, కట్టర్లు పట్టుకొచ్చినవాళ్లకి హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో ఓపిగ్గా చెప్పేది. గ్యాసు పైపు విప్పేసి, ఆక్సిజన్ వదిలి, గ్యాసు దూరే రంధ్రం దగ్గర బొటనవేలు పెట్టి చూసేది. కట్టరు మంచిదైతే వేలిని లోపలికి లాగుతుంది. లాగకపోతే లోపలెక్కడో తేడా ఉన్నట్టు. "మెరుపు సూసి కొనకండి, ఊపిరి సూసి కొనండి" అనేది.

నేను షెడ్డు పెట్టిన కొత్తలో మెరుపు చూసే కొన్నాను. తుక్కు బజారులో తళతళలాడుతున్న రెండు పాత కట్టర్లు తెచ్చి వదిన ముందు పెట్టాను. తిల్దాలో ఒక రైస్ మిల్లుకి మూడు రోజుల్లో ఇనుప తొట్టి చేసివ్వాలి. మొదటి కట్టరు వెలిగించగానే పట్‌పట్‌మని ఆరిపోతోంది. నాజిల్ కూర్చునే చోట గీత పడిందని వదిన కనిపెట్టింది. అక్కడ నునుపు చేసి బిగించి, సబ్బునురగ రాసి, ఒక్క బుడగ కూడా లేవలేదని చూసుకున్నాకే నా చేతికిచ్చింది.

రెండోది విప్పితే లోపలంతా మసి.

"దీన్నొదిలేయ్ మరిదీ. దీంట్లో ఒకపాలి మంట ఎనక్కి ఎల్లింది. మళ్లీ ఎల్తాది."

నేను వినలేదు. పని పోతుందన్నాను, వాదించాను. చివరికి, పక్కన కూర్చుని చూసినంత మాత్రాన పని వచ్చేసినట్టేనా అని నోరు జారాను. వదిన కట్టరుని బల్లకి బిగించి, రంపంతో మెడ దగ్గర రెండు ముక్కలుగా కోసేసింది.

ఏడు నెలలు ఆ గడప తొక్కలేదు. కబురు పెట్టినా వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం వదినే నా షెడ్డు ముందు ఆటో దిగింది. సంచిలోంచి తను స్వయంగా కూర్చిన కట్టరు తీసి, నా సిలిండర్లకి తగిలించి, రేకు ముక్క కోసి చూపించింది. మంట నీలంగా, కుదురుగా నిలబడింది. తర్వాత టీ తాగుతూ, నావైపు చూడకుండా చెప్పింది.

"మీ అన్నయ్య సెయ్యి వర్క్‌షాపులో కాల్లేదు. అలాగని మీ అందరికీ సెప్పాం. ఇంటికాడ ఒక కట్టర్లో మసి సూసి కూడా పరవాలేదన్నాను నాను. నా మాట నమ్మి ఎలిగించాడాయన." గ్లాసు కింద పెట్టింది. "నీ సెయ్యి కూడా నా మాట మీదే కాలితే నానెలా బతికేది?"

క్షమించమనడానికి బదులు ఆమె గ్లాసులో ఇంకొంచెం టీ పోశాను. ఆమెకి అది చాలినట్టుంది. నాకే ఇప్పటికీ చాలలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను, ఎంతో నేర్చుకున్నాను. అయినా ఇప్పుడు గుర్తొచ్చేది వెళ్లని ఆ ఏడు నెలలే. వదినా, ఒక్కసారి చూడు అని పిలవడానికి ఇప్పుడు ఎవరున్నారు?

కర్మ రోజు ఉదయం దుర్గ్ వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. గంఛా తుండుగుడ్డలో చుట్టిన కట్టరు ఒళ్లో ఉంది. వదిన పోయిన సంగతి ఆయనకి తెలియదు. అన్నయ్య చెప్పాడు. ఆయన వెళ్లిపోతాడనుకున్నాం. కానీ చెప్పులు విడిచి, వెనక రేకుల కింద వదిన బల్ల ఎదురుగా కూర్చున్నాడు. మూట విప్పలేదు. ఎండ ఆయన పాదాల మీదికి వచ్చేదాకా, తన వంతు కోసం ఎదురుచూస్తున్నవాడిలా అలాగే కూర్చున్నాడు.