పోశవ్వ పట్టించిన ఉప్పు

వంటలో పోశవ్వను మించినవాళ్లు ఆబిడ్స్‌లో లేరు, నాంపల్లిలో అసలే లేరు. కానీ ఎవరి మాటా వినదు, అదే ఆమెకు పట్టిన శని. వకీలు వామన్‌రావు గారింట్లో ఆమె వండేది, నేను అంట్లు తోమేదాన్ని. ఆమె కొడుకు బాలమల్లు కమ్యూనిస్టుల సంఘంలో చేరాడు. పోలీసులు వెతుకుతుంటే పట్నం వచ్చి గౌలిగూడలో తలదాచుకున్నాడు. అప్పుడప్పుడు వంటింటి గుమ్మంలో ఇంత తిని పోయేవాడు. కూలికి వచ్చాడని పోశవ్వ అమ్మగారికి చెప్పింది. అసలు సంగతి నా ఒక్కదానికే తెలుసు.

1949 ఎండాకాలం. కొత్తగా వచ్చిన పోలీసు పెద్దాయనకు వకీలు గారు సాయంత్రం తోటలో విందు పెట్టారు. ఆ మాట విన్నప్పటి నుంచి పోశవ్వ నిమిషానికోసారి గుమ్మం వైపు చూస్తూనే ఉంది.

"జెండా లెక్క సలాడ్ చెయ్యాలె," అన్నది అమ్మగారు విద్యావతి. "పైన క్యారెట్టు, నడుమ ముల్లంగి, కింద కీర. చక్రానికి బీట్‌రూట్ బిళ్ల. ఉప్పు మాత్రం వడ్డించే ముందే, సమజైందా?"

"ఔ అమ్మా," అన్నది పోశవ్వ. అని ఊరుకుందా? ఉప్పు పట్టని పచ్చికూర పశువుల మేతేనట! ముందే ఉప్పు కలిపి నానబెట్టడం వాళ్ల ఊరి పద్ధతి. "రుచి తగిలితే గాయన తిని పోతడు, ఇటు దిక్కు సూడడు," అని నా చెవిలో అన్నది. వద్దన్నాను. నా మాట ఎవరికి కావాలి!

ఆ ఎండకు, ఆ ఉప్పుకు బీట్‌రూట్ నీరు విడిచింది. పళ్లెం బల్ల మీదికి చేరేసరికి తెలుపంతా ఎరుపై అంచుదాకా పాకింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఎర్రజెండా ఎవరు పెట్టారండీ?" పెద్దాయన మాత్రం నవ్వుతూనే అడిగాడు. "చేసినామెను పిలవండి."

పోశవ్వ కొంగు కప్పుకొని వచ్చి నిలబడ్డది.

"ఏ ఊరమ్మా?"

"జనగామ దిక్కయ్యా."

"పిల్లలు?"

"ఎవ్వరు లేరయ్యా. ఒంటిదాన్ని."

కన్నతల్లి నోట ఆ మాట! అయినా గండం గడిచిందనుకున్నాను. ఆయన చెంచా అందుకున్నాడు కూడా.

అప్పుడు అమ్మగారికి జాలి పొంగింది. ఆమె మంచితనం మండిపోను! "అదేంది పోశవ్వా, భయపడి గట్లంటవ్? ఒక్కడే కొడుకండీ, బాలమల్లు. పొద్దుగాలనే మా వంటింట్ల జొన్న గట్క తాగి పోయిండు."

పెద్దాయన చెంచా కింద పెట్టాడు.

"ఎక్కడుంటాడు?"

పోశవ్వ వద్దన్నట్టు చెయ్యెత్తింది. ఆలోపే అమ్మగారు చెప్పేసింది.

"గౌలిగూడల ఉంటడండీ, బస్సుల కాడ హమాలీ."