పసుపుతాడు మూడు చుట్లు

పదకొండేళ్ళుగా నా నోట్లో పసుపు రుచి ఉంది. కాఫీ తాగినా పోదు, కిళ్ళీ వేసుకున్నా పోదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నువ్వు నన్ను ఎరగవు కాబట్టి నీకు చెబుతున్నాను.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తట్టాంచావడిలో లేత్ పని చేసేవాడు. సెలవొస్తే చాలు, ఆయనకు రాకెట్ పిచ్చి. రెడ్డియార్‌పాళయంలో మాది బట్టల కొట్టు. తానులు చుట్టి వచ్చే అట్టగొట్టం ఒకటి అడిగి తీసుకుపోయి, రెక్కలు అంటించి, లేత్ మీద చెక్కను తిప్పి ముక్కు చేసి, ఒళ్ళంతా పసుపు రంగు వేశాడు. పైకి పోయాక లోపల చిన్న మందు పేలి ముక్కు ఊడాలి, వెనకే గుడ్డ గొడుగు విచ్చుకుని నెమ్మదిగా దించాలి. ఆ గొడుగు మడవడానికే వారం కుస్తీ పట్టాడు. ముక్కుకూ గొట్టానికీ మధ్య ఏదీ అడ్డం పడకూడదని నాకు పదిసార్లు చెప్పాడు.

పదిసార్లూ నేను విన్నాను.

అంతకు ముందు రెండు రాకెట్లు నేల మీదే కాలిపోయాయి. దిష్టి అనుకున్నాను. మా ఇంట్లో కొత్త త్రాసు కొన్నా, స్కూటర్ కొన్నా, పసుపుతాడు కట్టేది ఆడపిల్లే, అంటే నేనే. ఆ ఆదివారం మధ్యాహ్నం, ఇందిరా నగర్ వెనక ఖాళీ స్థలంలో, మామ స్విచ్ పట్టుకుని దూరం పోయాడు. రాకెట్ దగ్గర చివరగా ఉన్నది నేను. కొంగులో దాచిన తాడు తీసి, కలశానికి చుట్టినట్టు, రెక్కల కింద నుంచి ముక్కు మీదుగా మూడు చుట్లు చుట్టి ముడి వేశాను. పసుపు మీద పసుపు, ఎవరికీ కనబడలేదు. భయం కొద్దీ కట్టానా, లేక ఆయన పనిలో నా చెయ్యి కూడా ఉండాలని కట్టానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

లేచింది. చాలా పైకి పోయింది. చప్పట్లు కొట్టాం. తర్వాత గొడుగు కోసం చూశాం. రాలేదు. గాలి లేదు, కాకి కూడా అరవలేదు. సన్నని ఈల ఒకటి ఎటు నుంచో తెలియకుండా దిగసాగింది. మామ భార్య, మా అత్త, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూనే ఉంది.

ఆ కుడికన్నుతో ఆమె మళ్ళీ ఏదీ చూడలేదు.

అందరూ అత్త దగ్గరికి పరుగెత్తారు. నేను రాకెట్ దగ్గరికి పరుగెత్తాను. ముడి విప్పితే రాలేదు. పళ్ళతో కొరికాను. తాడు జాకెట్‌లో దోపుకుని, అప్పుడు ఏడవడం మొదలుపెట్టాను.

గొట్టంలోనే కమిలిపోయిన గొడుగును చూసి, తన మడతే తప్పిందన్నాడు మామ. మళ్ళీ రాకెట్ ముట్టలేదు. కానీ మా కొట్టుకొచ్చి కూర్చుని, చేతిరుమాలు తీసుకుని అదే మడత వేసేవాడు, విప్పేవాడు, మళ్ళీ వేసేవాడు. ఒకరోజు ఆ రుమాలు నా చేతిలో పెట్టాడు.

"తప్పు యాడుందో నువ్వన్నా చూడు పాపా."

"నాకేం తెలుసు మామా."

"అవున్లే. తెలిసుంటే చెప్పుండవా."

పోయినేడు ఆయన పోయాడు. ఆ తర్వాతే మొదలైంది. పొద్దున కొట్టు తెరిస్తే రుమాళ్ళ దొంతరలో ఒకటి మామ మడతలో ఉండేది. తాళం నా దగ్గరే ఉంటుంది. వారం కిందట ఎవరితోనో బేరమాడుతూ కిందికి చూసుకున్నాను. మడుస్తున్నవి నా చేతులే. ఆ మడత నాకు ఎవరూ నేర్పలేదు.

దొంతర మొత్తం పట్టుకుని మేడ ఎక్కాను. ఒక్కొక్కటే మామ మడత వేసి అంచు నుంచి వదిలాను. విచ్చుకుంది. ఇంకొకటి. విచ్చుకుంది. ఒక్కటంటే ఒక్కటి కూడా ముడుచుకుని పడలేదు. చివరిది వదిలి కిందికి చూస్తే, రుమాళ్ళ మధ్య అత్త నిలబడి ఉంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉన్న కంటితో పైకి చూస్తోంది.

అప్పుడు కూడా చెప్పలేదు. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. రుచి మాత్రం పోలేదు.

మామ మడతలో తప్పు లేదు. ముడి వేసింది నేను.