తిరిగే ఇల్లు

శృంగవరపుకోట దాటాక కొండ కింద ఒక కళ్లంలో నా చిన్న జీపు ఆపాను. గ్రంథాలయంలో పుస్తకాలు చదివి జీపులో పడక నేనే కట్టుకున్నాను. బరువు కిందే ఉండాలని సామాను పెట్టెలు అడుగున పేర్చి, పైన చెక్క పరిచాను. పడుకుంటే తల జీపు వెనక తలుపు వైపు, కాళ్లు ముందుకు. ఇంకోలా మనిషి పట్టడు. ఆ రాత్రి అందులోనే పడుకుని తీరాలని నా పట్టుదల.

కళ్లం గల పెద్దావిడ ఆవుల్ని తోలుకొస్తూ లోపలికి తొంగి చూసింది.

"ఏటి బాబూ, ఉత్తరానికి తలెట్టి పడుకుంతావా? మా కళ్లంలో అలాగ కుదరదు. మా అరుగు మీద పడుకో, రా."

"అరుగు వద్దమ్మా. ఇందులోనే పడుకుంటాను."

దిక్కుల గురించి చదివిందంతా చెప్పబోయాను.

"సదివినావులే. ముందు బండి తిప్పు."

చక్రాల కింద ఎత్తు కోసం పెట్టిన రాళ్లు తీసి జీపు తిప్పాను. పడకలో తల వైపు తూర్పుకి వచ్చేదాకా ఆవిడ చెయ్యి ఊపుతూనే ఉంది. చెమటలు కక్కుతూ రాళ్లు మళ్లీ సర్దాను.

"ఒక్క నిద్ర కోసం ఇంత పనా అమ్మా?"

"మా ఇల్లు తిరగదు గాబట్టి మేమే తిరిగి పడుకుంతాం. నీ ఇల్లు తిరుగుతాది. ఇంకేటి నొప్పి నీకు?"