గదువ కింద చెయ్యి

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. నేనెప్పుడూ నమ్మలేదు. మా చెల్లెలికి దయ్యం పట్టిందని పదిమంది పది రకాలుగా అంటుంటే విని విని ఆ మాట మీదే అసహ్యం పుట్టింది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ నోట్లోనే పెట్టుకున్నాను. బయటపెడితే వాళ్ల నోటికి ఇంకో మాట అందించినట్టవుతుంది.

మాది తొండుపల్లి. తొంభైలలో జరిగింది ఇది. అప్పటికి ఎయిర్‌పోర్టు లేదు, అటంతా చేలే. నేను శంషాబాద్ బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకుని బతికేదాన్ని. చెల్లెలు సుగుణ షాద్‌నగర్ దగ్గర మందుసీసాల ఫ్యాక్టరీలో చేసేది. లైటు ముందు నుంచి సీసాలు వరసగా కదిలిపోతుంటే పగుళ్లున్నవాటిని ఏరి పక్కన పెట్టడం దాని పని. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి అదే. జీతం కన్నా ఆ లైటు ముందు కుర్చీ అంటేనే దానికి ఎక్కువ ప్రాణం.

ఒక ఎండాకాలం దాని మెడ ఎడమవైపు లాగడం మొదలైంది. బలవంతంగా తిప్పుకుంటే వచ్చేది, వదిలితే మళ్లీ పోయేది. పని వదిలి గేటు వైపు చూస్తున్నావని సూపర్‌వైజరు తిట్టాడు. దీన్నెవరో పిలుస్తున్నారు, అందుకే అటు చూస్తోందని ఊళ్లోవాళ్లు అన్నారు. మా ప్రార్థన కూటంవాళ్లు కూడా తక్కువేం తినలేదు. పాస్టరు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే మెడ నిటారుగా నిలబడింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆయన చెయ్యి తీయగానే తిరిగిపోయింది. అప్పుడు దానికి విశ్వాసం చాలదన్నారు.

ఎవరి చెయ్యి తగిలినా మెడ నిలబడుతుందని నేను అప్పటికే కనిపెట్టాను. గదువ కింద, అంటే గడ్డం కింద, రెండు వేళ్లు ఆనిస్తే చాలు, నొక్కే పని కూడా లేదు. బస్సులో పక్కన కూర్చుని దాన్ని అలాగే తీసుకెళ్లేదాన్ని.

హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖాన డాక్టరు చూసి, ఇది దయ్యమూ కాదు, నటనా కాదు, జబ్బు అన్నాడు. దాని పేరు డిస్టోనియా. కండరాలకు మెదడు ఇచ్చే ఆజ్ఞ గాడి తప్పుతుందట. కొందరికి మెడ, కొందరికి కనురెప్పలు, కొందరికి రాసే చెయ్యి. ఒక్కొక్కరికి ఒక్కోచోట ఎందుకు పడుతుందో, మెదడులో ఆ తేడా ఎక్కడుందో తెలుసుకోవాలని ఆయన అన్ని రకాలవాళ్లకూ స్కానింగ్ తీయిస్తున్నాడు. ఫ్యాక్టరీవాళ్లు కూడా రుజువు తెమ్మన్నారు. జబ్బని తేలితే వేరే పని ఇస్తామన్నారు. సుగుణ ఆశంతా ఆ ఫోటో మీదే పెట్టుకుంది.

స్కానింగ్‌కు రమ్మన్న మధ్యాహ్నం మాతోపాటు వెంకటయ్య సార్ అని ఒక బడిపంతులు కూడా వచ్చాడు. సుద్దముక్క పట్టుకుంటే ఆయన వేళ్లు బాగానే ఉంటాయి, కలం పట్టుకుంటే మాత్రం ముడుచుకుపోతాయి. ఆయన స్కానింగ్ సాఫీగా అయిపోయింది. సుగుణది కాలేదు. తల కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. మెత్తలు పెట్టారు, పట్టీ కట్టారు, అయినా మెడ లాగుతూనే ఉంది. ఇంకొక్కసారి చూద్దామని మళ్లీ పడుకోబెట్టారు. లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది, చేతికి గడియారంతో అడుగు పెట్టొద్దని టెక్నీషియన్ నాకు గట్టిగా చెప్పాడు.

నేను బయట బల్ల మీద సార్ పక్కన కూర్చున్నాను. ఆయన టైమెంతయిందని అడిగితే నా గడియారం చూసి చెప్పాను. లోపల మిషను దడదడలాడుతోంది. ఆ చప్పుడు ఆగేదాకా నేను బల్ల మీంచి లేవలేదు.

టెక్నీషియన్ బయటికొచ్చి నా మీద విరుచుకుపడ్డాడు. "ఏందక్కా, లోపలికి రావద్దని చెప్పిన గదా. అద్దంల నుంచి చూస్తనే ఉన్న. మిషన్ ఎనక నిలబడి, చెయ్యి లోపలికి పెట్టి ఆమె గదువ పట్టుకున్నవ్."

నేను నోరు తెరిచేలోగా సారే అన్నాడు, "ఈమె గిక్కడ్నే ఉంది తమ్మీ. నాతోనే మాట్లాడుతుండె."

టెక్నీషియన్ నా ఆకుపచ్చ చీర వైపు, నా ముఖం వైపు చూశాడు.

సుగుణ మాత్రం నవ్వుకుంటూ వచ్చింది. "మంచిగ పట్టుకున్నవక్కా. జర కూడ కదల్లే" అంది.

తిరుగు బస్సులో ఆరాంఘర్ దాటాక చూసుకుంటే నా గడియారం ఆగిపోయి ఉంది. శంషాబాద్‌లో బాగుచేసే అతను విప్పి చూసి, దీనికి అయస్కాంతం పట్టింది, దేని దగ్గర పెట్టావని అడిగాడు.

బొమ్మ స్పష్టంగా వచ్చింది. అదే మా కొంప ముంచింది. మెదడులో ఏ లోపమూ కనబడలేదు. ఈ జబ్బు ఒక్కరి ఫోటోలో కంటికి కనబడదని, చాలామందివి కలిపి లెక్క కడితేనే మెడవాళ్లకూ చేతివాళ్లకూ ఉన్న చిన్న చిన్న తేడాలు తెలియొచ్చని డాక్టరు చీటీ రాసిచ్చాడు. సార్ ఫోటో కూడా అంతే శుభ్రంగా ఉంది. కానీ ఆయన మాట ఆయన పైవాళ్లు నమ్మారు, రాసే పని తప్పించారు. మా ఫ్యాక్టరీ ఆఫీసరు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి, "ఫోటోల తల సక్కగనే ఉంది గదా. దవాఖానల నిలబడ్డ తల మా కాడ ఎందుకు నిలబడదు?" అన్నాడు. చీటీ విప్పను కూడా లేదు. మగమనిషి చెయ్యి వంకరపోతే జబ్బు, ఆడపిల్ల మెడ తిరిగితే నాటకం. చెదిరిపోయిన బొమ్మ పట్టుకెళ్లి ఉంటే నమ్మేవాళ్లేమో. వారం తిరక్కుండానే ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టారు.

ఆ కబురు తెలిసిన సాయంత్రం సుగుణ అడిగింది. "ఎందుకు పట్టుకున్నవక్కా? ఆ ఒక్కనాడు ఇడిచిపెడితే అయిపోతుండె."

నేను లోపలికి రాలేదని చెప్పాను. సార్‌ని అడగమన్నాను. ఆగిపోయిన గడియారం మాత్రం చూపించలేదు.

"నీ చెయ్యి నాకు తెల్వదా" అంది.

ఆ గదిలో ఉన్నదెవరో, నా ముఖంతో, నా చీరతో ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మేలు చేయాలనే వచ్చి ఉంటుందని మనసుకు చెప్పుకుంటాను, అప్పుడు ఇంకా కోపం వస్తుంది. సుగుణ ఇప్పుడు నా దగ్గరే గుండీలు కుడుతుంది. నాతో బాగానే మాట్లాడుతుంది. కానీ ఆనాటి నుంచి బస్సులో నన్ను గదువ ముట్టుకోనివ్వదు. ఎడమవైపు కిటికీ సీటు చూసుకుని, మెడ ఎటు లాగితే అటే చూస్తూ కూర్చుంటుంది.