వందనం పెట్టని చెయ్యి

నా కుడిచెయ్యి పడిపోయింది సెప్టెంబరులో, ఒక శుక్రవారం పొద్దున, కాఫీ గ్లాసు పట్టుకుని ఉండగా. గ్లాసు జారి కింద బండ మీద పడింది. వంగి తీసుకుందామంటే చెయ్యి రాలేదు. నోరు ఒక పక్కకు పోయింది కానీ నెల తిరగకముందే సర్దుకుంది. క్రిస్మస్ లోపల కాలు ఈడ్చుకుంటూ నడవగలిగాను. భుజం వచ్చింది, మోచెయ్యి సగం వచ్చింది. వేళ్లు మాత్రం రాలేదు. ఎవరైనా మూసి పెడితే మూసుకునే ఉంటాయి, తెరిచి పెడితే తెరుచుకునే ఉంటాయి.

నేను బేతంచెర్లలో ఒక పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసిన మనిషిని. లారీకి ఎన్ని బండలు ఎక్కాయి, ఎన్ని అడుగులు, దించేటప్పుడు ఎన్ని విరిగాయి, సాయంత్రానికి కూడిక తేలకపోతే ఇంటికి వచ్చేదాన్ని కాదు. మా ఊరి చర్చిలో కోతపండుగ భోజనాలకు విస్తర్ల లెక్క కూడా నాదే. బంతిలో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరికి సంగటి ముద్ద చిన్నది వేయాలి, మొహమాటపడి అడగని వాళ్లెవరు, వాళ్లకు చెయ్యి చాపకముందే కూర ఎట్లా వేయాలి, ఇవన్నీ నాకు తెలుసు.

చెయ్యి పడిపోయిన ఏడు నేను పండుగకు పోలేదు. ఇంటికి క్యారియర్ పంపించారు. మైకులో పాటలు వింటూ, మంచం మీద కూర్చుని, కోడలు పెడితే తిన్నాను. ఎడమచేత్తో తినవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇంట్లో తలుపు దగ్గరికేసుకుని చెంచాతో తిన్నాను కూడా. కానీ బంతిలో, నలుగురి మధ్య, కడుక్కునే చేత్తో సంగటి ముట్టుకోవడం నా వల్ల కాదు. పక్కవాళ్లు ఏమీ అనరు. అనకుండా కొంచెం జరిగి కూర్చుంటారు. ఆ జరగడం నేను చూడలేను. వచ్చే పండుగకు బంతిలో కూర్చుని కుడిచేత్తో తినాలి. నాకు కావలసింది అదొక్కటే.

చేతికి వ్యాయామం చేయించడానికి బస్సులో కర్నూలు పోయేవాళ్లం, నేనూ నా కోడలూ. కొడుకు బండల లారీ తోలుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. కోడలిది బద్వేలు పక్క ఊరు. వచ్చిన కొత్తలో నేను ఆమెలో గమనించిన గుణం మర్యాద. ఎవరు ఎదురుపడి వందనాలు అన్నా, నెత్తిన బిందె ఉంటే దించి, చేతిలో చీపురుంటే గోడకు ఆనించి, రెండు చేతులూ జోడించి జవాబిస్తుంది. చిన్నపిల్లలకైనా అంతే. మర్యాదంటే ఆ పిల్లను చూసి నేర్చుకోండి అని చర్చిలో ఆడవాళ్లు తమ బిడ్డలకు చెప్పేవాళ్లు. నాకు అది కొంచెం ఎక్కువే అనిపించేది. దించిన బిందె మళ్లీ ఎత్తుకోవాలి కదా.

ఆ ఎండాకాలంలో ఒకరోజు, వ్యాయామం చేయించే అమ్మాయి ఒక జత గ్లౌజులు బల్ల మీద పెట్టింది. నల్లటివి, రెండూ కుడిచేతివే. ఒకటి మామూలు గుడ్డ తొడుగులా పల్చగా ఉంది. రెండోదానికి ఒక్కో వేలి వెనక ఒక్కో సన్నని గొట్టం, వేళ్ల కొనలు మాత్రం బయటికి. గొట్టాలన్నీ పోయి నడుముకు కట్టుకునే చిన్న పెట్టెలో కలుస్తాయి.

"పల్చటిది మీరు వేసుకోండి," అంది ఆ అమ్మాయి నా కోడలితో. "గొట్టాలుండేది అవ్వకు. మీరు వేళ్లు మూస్తే ఆమె వేళ్లు మూసుకుంటాయి. మీరు తెరిస్తే తెరుచుకుంటాయి."

"నేను మూస్తే ఆయమ్మకు ఎట్లా మూసుకుంటాయి మేడమ్?"

"మూసి చూడండి."

కోడలు మూసింది. పెట్టె బుస్సుమంది. నా వేళ్లు ఐదూ లోపలికి వంగాయి. సంతోషపడ్డానని చెబితే అబద్ధమవుతుంది. భయం వేసింది. నా చెయ్యి నా కళ్ల ముందే వేరే మనిషి మాట వింటోంది.

"అత్తా, నొప్పి పుడతాండాదా?"

"లేదు."

"మరి ఏడుస్తాండావు?"

"ఏడ్చలే. కండ్లలో నీళ్లొచ్చినాయంతే. నువ్వు ముందు తెరువు."

ఆ అమ్మాయి నవ్వి, "ఊరికే ఆమెకు వదిలెయ్యొద్దు అవ్వా," అంది. "ఆమె మూసేటప్పుడు నువ్వు కూడా పట్టుకోవాలనుకో. అట్లయితేనే చెయ్యి మళ్లా నేర్చుకుంటుంది." ఇంట్లో సాధన చేయమని గ్లౌజులు మాతో పంపించింది.

ముందు గుడ్డ ఉండ పట్టాను, తర్వాత శనక్కాయలు, ఆ తర్వాత సంగటి. పళ్లెం నా ముందు, కోడలు నా పక్కన. మోచేతిని ఎడమచేత్తో ఎత్తుకునేది నేను, వేళ్లు కదిపేది ఆమె. ఆమె గాలిని తుంచితే నేను సంగటి తుంచుతాను. ఆమె గాలిని పులుసులో అద్దితే నా ముద్ద పులుసులో తడుస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకు, కడుపు నిండా తింటున్న ముసలామె పక్కన ఒక పిల్ల ఖాళీ చేత్తో ఆకలి తీర్చుకుంటున్నట్టు ఉంటుంది.

"ఇది సంగటి మే, మాత్రలు కాదు," అన్నాను ఒకరోజు. "ఇంతింత తుంచితే తెల్లార్లూ తింటాండాల."

"మా పక్క ఇట్లనే తింటాము అత్తా."

"బద్వేలోళ్లకు కడుపులు చిన్నవేమో."

"కడుపులు పెద్దవే. అత్తలు పెట్టేదే తక్కువ."

చెయ్యి పడిపోయినాక ఆ ఇంట్లో మేమిద్దరం గట్టిగా నవ్వింది అప్పుడే.

కోతపండుగ వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో, బండలు పరిచిన చోట బంతి వేశారు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను, కోడలు నాకు ఎడమ పక్క. కుడి పక్కకు మా వదిన వచ్చింది. వరుసకే వదిన, నోరు మాత్రం సొంత వదినది.

"ఏం మే, చేతికి కరెంటు పెట్టించుకున్నావంట? మీటరు యాడుండాది?"

"బిల్లు నీ ఇంటికే వస్తాది, కట్టు."

ఆమె నవ్వింది కానీ జరగలేదు. ఆ మాట ఇక్కడ చెప్పాలి. జరగలేదు.

సంగటి వచ్చింది, కోడికూర వచ్చింది. మొదటి ముద్ద నోట్లోకి పోయింది. ఇంకొకటి పోయింది. ఎవరూ నావైపు చూడడం లేదు. అందరికీ ఎవరి విస్తరి వాళ్లది. నాకు కావలసింది సరిగ్గా అదే.

తర్వాతి ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడు పాస్టరు గారు బంతి వెంట పలకరిస్తూ మా ముందుకు వచ్చి, "వందనాలమ్మా, బాగుండారా?" అన్నాడు.

కోడలు రెండు చేతులూ జోడించింది.

ఆలోచించి చేసిన పని కాదు. ఆమె చేతులు ఎప్పుడూ ఆలోచించి లేవలేదు. జోడించిన చేతుల్లో వేళ్లు చాచుకుంటాయి. పెట్టె బుస్సుమంది, నా వేళ్లు ఐదూ నిటారుగా తెరుచుకున్నాయి. ముద్ద పులుసుతో సహా చీర మీదుగా జారి ఒళ్లో పడింది. బరువుకు మోచెయ్యి ముందుకు వాలి, తెరుచుకున్న చెయ్యి పాస్టరు గారి ముందు చాపినట్టు నిలబడింది.

ఆయనకు గ్లౌజుల సంగతి తెలియదు. పాపం, వెనక్కి తిరిగి కేకేశాడు. "ఏమప్పా, అవ్వ చెయ్యి చాపుతాండాది. ఇంకొంచెం కూర వెయ్యండప్పా!"

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు నవ్వలేదు, ఎవరి విస్తరిలోకి వాళ్లు చూసుకున్నారు. కోడలు అట్లాగే చేతులు జోడించి బిగుసుకుపోయింది. ఆమె చేతులు విడదీయనంతసేపూ నా చెయ్యి అట్లాగే చాపుకుని ఉంది. గరిటెతో మనిషి వచ్చాడు. అందులోంచి కూర నా విస్తరిలో పడింది.

"చేతులు దించు మే," అన్నాను. దించింది. "గ్లౌజు ఇప్పు." ఇప్పింది.

వదిన తన చేత్తో సంగటి తుంచి నా నోటి దగ్గర పెట్టింది. "తెరువు. నవ్వేటోళ్లను నవ్వనీ."

నేను నోరు తెరవలేదు. విస్తరిలో సంగటి వదిలేసి లేవడం నా జన్మలో అదే మొదలు.

ఇంట్లో కోడలు, "అలవాటు అత్తా, నేను కావాలని చెయ్యలే," అని మాత్రం అంది. నాకు తెలుసన్నాను. మర్నాడు సాయంత్రం నన్ను అడగకుండానే గ్లౌజు తెచ్చి నా వేళ్లకు ఎక్కించింది. నేను వద్దనలేదు. అప్పటినుంచి ఇంట్లో రోజూ అట్లాగే తింటున్నాను.

వేళ్లు రాలేదు. కర్నూలు అమ్మాయి ఈ మధ్య "నేర్చుకుంటుంది" అనడం మానేసి "ఉన్నది పోకుండా చూసుకుందాం అవ్వా" అంటోంది. తేలని కూడిక ఏదో నాకు ఒకరు చెప్పనక్కర లేదు.

పోయిన నెలలో మేము తింటుండగా పాస్టరు గారి భార్య ఇద్దరు ఆడవాళ్లతో గడపలోకి వచ్చి, "వందనాలమ్మా," అంది. ముద్ద నా పళ్లేనికీ నోటికీ మధ్య ఉంది. నేను కోడలి చేతివైపు చూశాను. అది గాలిలో, ఏమీ లేనిదాన్ని గట్టిగా పట్టుకుని ఆగి ఉంది. కోడలు తల ఊపింది. "రాండి, కూర్చోండి," అంది. నా నోట్లో ముద్ద పడినదాకా వేళ్లు విప్పలేదు. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తర్వాత వదిన చెప్పింది. "నీ కోడలికి శానా గర్వమొచ్చిందంటాండారు చర్చిలో. వందనాలంటే తల ఊపుతాందంట, చెయ్యెత్తదంట."

"ఇంట్లో గ్లౌజు ఉంటాది కదా, దానికి..."

"ఇంట్లో కాదు మే. నిన్న చర్చి గేటు కాడ. చేతిలో ఏమీ లేదు. అయినా ఎత్తలే."

 దానికి జవాబు చెప్పాలంటే బంతిలో జరిగింది మళ్లీ మొదటినుంచి చెప్పాలి.

మొన్న ఆదివారం ఈ ఏటి కోతపండుగకు విస్తర్ల లెక్క అడగడానికి చర్చివాళ్లు మా ఇంటికి వచ్చారు. ఇంటింటికీ మనుషులను కలిపి లెక్క చెప్పాను. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి, నాకు క్యారియర్ చాలన్నాను.

"నాది కూడా దాంట్లోనే పెట్టండి," అంది కోడలు.

వాళ్లు లేచి వందనాలు చెప్పారు. ఆమె తల ఊపింది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, నా చెయ్యి నా ఒళ్లో ఉన్నట్టే, కదలకుండా కూర్చుంది.