ఏది నీలం, ఏది ఎరుపు

2014 మార్చిలో, మా యూనివర్సిటీ లైబ్రరీ పాత పత్రాల విభాగంలో నాకొక చిన్న పని అప్పగించారు. అప్పటికి నేను సీనియర్ ఆర్కివిస్టుని. పేరు గొప్పగా ఉంటుంది గానీ, ఎవరో అటక మీంచి దించిన పెట్టెలు తెరిచి, దుమ్ము దులిపి, ఏ కాగితం ఏమిటో జాబితా రాయడమే ఉద్యోగం. హైదరాబాద్‌లో లైబ్రరీ సైన్స్ చదువుకుని, న్యూజెర్సీలో రిటైరయ్యేదాకా అదే చేశాను. మా ఇల్లు ఐసెలిన్‌లో. ఆఫీసుకి నలభై నిమిషాల డ్రైవ్.

ఈసారి వచ్చింది ఒక్కటే పెట్టె. తెచ్చినావిడ పేరు ఎల్సా. ఎనభై నాలుగేళ్ల మనిషి, బెర్లిన్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చేశారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జర్మనీలో ప్రజాస్వామ్యం పడుతూ లేస్తూ నడిచిన రోజుల్లో ఆవిడ తండ్రి కార్మిక మంత్రిత్వ శాఖలో అధికారి, చివరికి ఒక విభాగానికి అధిపతి. ఆయన ఇంట్లో దాచుకున్న కాగితాలే ఆ పెట్టె నిండా ఉన్నాయి. ఎల్సా వాటిని మాకు దానం చేయలేదు, స్కాన్ చేసుకుని తిరిగి ఇచ్చేయమన్నారు. ఇలాంటివాటిని మేం కాపీ కోసం అరువు అనేవాళ్లం. అసలు కాగితం ఇంటికి వెళ్లిపోతుంది, దాని బొమ్మ మా దగ్గర ఉంటుంది.

ఆవిడకి కావలసింది ఒక్కటే. ఎల్సా తల్లి భర్తని వదిలేసి కూతురితో ఇక్కడికి వచ్చేసింది. "మీ నాన్న పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టాడు, అలాంటివాళ్లే దేశాన్ని ముంచారు" అని బతికినన్నాళ్లూ అన్నదట. తండ్రి యుద్ధంలో పోయాడు. అంతకుముందు ఆయన కూతురికి రాసిన ఒకే ఒక్క ఉత్తరంలో, "నేనొకసారి కాదన్నాను, ఆ కాగితం దాచాను" అని ఉంది. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తెలుసుకోకుండా పోవడం తనకి ఇష్టం లేదని ఎల్సా నాతో మామూలుగా, బస్సు టైం అడిగినట్టు చెప్పారు.

మా పద్ధతి ఇది. స్కానింగ్ మొదలుపెట్టేముందు పెట్టెలోంచి ఇరవై కాగితాలకొకటి తీసి చూడాలి. వాటిలో రంగు కనిపిస్తే కలర్ స్కాన్, లేకపోతే నలుపు తెలుపు. తేల్చినది ఫారంలో రాసి ఆర్కివిస్టు సంతకం పెట్టాలి. నేను తీసిన కాగితాలన్నీ టైపు చేసినవే. మా సర్వర్లు చూసే సురేశ్ ఇంజనీరు, వరంగల్ అతను. నన్ను అక్కా అని పిలిచేవాడు. "కలర్ ఎందుకక్కా, అన్నీ టైప్ చేసిన పేపర్లే కదా. గ్రేస్కేల్‌ల పెట్టేద్దాం, స్టోరేజ్ మస్తు సేవ్ అయితది" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. సంతకం నాది.

స్కాన్ చేసేది కూడా నేనే. పెట్టె సగమయ్యాక ఒక కాగితం అంచున రంగు పెన్సిల్ గుర్తులు కనిపించాయి. కనిపించలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆపాలంటే కొత్త ఫారం రాయాలి, మా పై అధికారి దగ్గర కారణం చెప్పుకోవాలి, అంతవరకూ చేసినదంతా మళ్లీ మొదటినుంచి చేయాలి. ఒకే పెట్టెకి రెండు రకాల ఫైళ్లు ఇస్తే సర్వర్ తీసుకోదు. ఒక్క కాగితం కోసం ఇంత రభసా అనుకున్నాను. కాగితం వంకర లేకుండా సర్ది, మీట నొక్కాను.

పెట్టె ఎల్సా ఇంటికి వెళ్లిపోయింది. ఆ చలికాలం ఆవిడ బేస్‌మెంట్‌లో నీళ్ల పైపు గడ్డకట్టి పగిలింది. ఊరెళ్లి తిరిగొచ్చేసరికి పెట్టెలోవన్నీ నాని ముద్దయ్యాయి. శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లు ఆ ముద్దని తడిసిన కార్పెట్‌తో పాటు ఎత్తి పారేశారు.

ఈ సంగతి నాకు మరుసటి ఏడాదిగాని తెలియలేదు. మా స్కాన్లు చూసిన ఒక చరిత్ర పరిశోధకురాలు, ఆ రంగు గుర్తులున్న కాగితం గురించి ఈమెయిల్ రాసింది. అది 1932 నాటి ఒక ఆర్డినెన్సు ముసాయిదా, నిరుద్యోగులకిచ్చే భత్యం కోసేందుకు తయారు చేసినది. అప్పటికి పదేళ్ల కిందటి ద్రవ్యోల్బణం మధ్యతరగతి దాచుకున్నదంతా మింగేసింది. ఇప్పుడు పని లేనివాళ్లు లక్షల్లో ఉన్నారు. పార్లమెంటులో ఎవరికీ మెజారిటీ లేదు, ఒకరితో ఒకరు కలిసేవాళ్లూ లేరు. రాజ్యాంగంలో ఆపద సమయానికని పెట్టుకున్న నలభై ఎనిమిదో అధికరణాన్ని పట్టుకుని, అధ్యక్షుడి సంతకంతో రోజులు నెట్టుకొస్తున్నారు. సభ అడ్డం తిరిగితే సభనే రద్దు చేసేవారు. నిప్పు ఆర్పడానికి తెచ్చిన బిందెలో నీళ్లే తాగడానికీ వాడుకున్నట్టు, అవసరానికి మించి ఆ అధికరణాన్ని వాడేశారు. తర్వాత వచ్చిన నియంతలకి అలవాటైన దారి సిద్ధంగా దొరికింది.

ఆ కార్యాలయాల్లో ఒక ఆచారం ఉండేదని ఆ పరిశోధకురాలు రాసింది. మంత్రి ఆకుపచ్చ పెన్సిల్ వాడాలి, కార్యదర్శి ఎరుపు, విభాగాధిపతి నీలం. పేరు రాయక్కర్లేదు, రంగే సంతకం. ఈ ముసాయిదాలో భత్యం కోసే పేరా పక్కన రెండు గుర్తులున్నాయి. ఒకటి ఒప్పుకున్నట్టు టిక్కు, రెండోది కొట్టేస్తూ గీసిన గీత. ముసాయిదా పైన జతచేసిన కాగితం ప్రకారం, ఫైలు మంత్రి దగ్గరికి పోయేముందు కార్యదర్శీ, విభాగాధిపతి అయిన ఎల్సా తండ్రీ మాత్రమే చూశారు. ఇద్దరిలో ఒకరు సరేనన్నారు, ఒకరు వద్దన్నారు. వద్దన్నవాళ్ల మాట మంత్రి వినలేదు, కోత అమలైంది. వద్దన్నది ఎవరో తెలియాలంటే ఏది నీలమో ఏది ఎరుపో తెలియాలి. మా స్కాన్‌లో రెండూ బూడిద రంగే. గట్టిగా నొక్కితే ఎరుపూ ముదురే, నీలమూ ముదురేనట. దయచేసి కలర్ కాపీ పంపమని చివర్లో అడిగింది.

అసలు కాగితం కోసం ఎల్సాకి ఫోన్ చేశాను. పైపు సంగతి అప్పుడే విన్నాను. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ స్కాన్‌ని పెద్దది చేసీ చిన్నది చేసీ నాలుగు రోజులు చూశాను. ఎల్సాకి ఏవో రంగులున్నాయని గుర్తే గానీ, ఏది ఏదో తెలియదు. ఆవిడ కాక, ఆ కాగితాన్ని రంగుల్లో చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. ఆవిడ నన్ను చూడ్డానికి వస్తానన్నారు.

ముందురోజు సురేశ్ నా గదికి వచ్చి తలుపు వేశాడు. "కొట్టేసిన గీత బ్లూ అని చెప్పెయ్యక్కా. పెద్దామె హ్యాపీగ ఉంటది. ఎవరు చెక్ చేస్తరు?" అన్నాడు. అతని గొంతులో జాలి తప్ప ఇంకేం లేదు. ఎవరూ చెక్ చేయరని నాకూ తెలుసు. అలా చెప్పేద్దామా అని నిజంగా అనుకున్నాను. కానీ చెక్ చేసేవాళ్లు లేనప్పుడు రాసేది కూడా నిజమై ఉండాలనే నాకు ఇన్నేళ్లూ జీతమిచ్చారు.

ఎల్సా వచ్చి కోటు విప్పకుండానే కూర్చున్నారు. మీరు చూశారా అని అడిగారు. చూశానన్నాను. రంగులున్నాయా అంటే ఉన్నాయన్నాను. కొట్టేసిన గీత ఏ రంగు అని అడిగారు. గుర్తులేదు, ఆ క్షణంలో కాగితం వంకరగా ఉందా లేదా అన్నదే చూశానని చెప్పాను. క్షమించమన్నాను. ఆవిడ చేతిసంచి మూసి, "అయితే అమ్మ చెప్పిందే అయుంటుంది" అన్నారు. అలా తేల్చడానికి లేదండీ, సగానికి సగం అవకాశం ఉంది అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఎనభై ఏళ్లుగా వింటున్నది అదే" అన్నారు. రెండేళ్లకి పోయారని తర్వాత తెలిసింది.

ఆ కాగితం వివరణలో ఒక వాక్యం చేర్చాను. అసలు ప్రతిలో గుర్తులు రెండు రంగుల్లో ఉన్నాయి, స్కానింగ్‌లో అవి నమోదు కాలేదు, బాధ్యత ఆర్కివిస్టుదని రాశాను. మా పై అధికారి చివరి మాట తీసేయమన్నారు. నేను తీయలేదు.

రికార్డు పోతే ప్రశ్న తేలకుండా మిగిలిపోతుందని మా వృత్తిలో చెబుతారు. అది తప్పు. ఖాళీని ఎవరూ ఖాళీగా ఉంచరు, అంతకుముందున్న అనుమానం వచ్చి అందులో కూర్చుంటుంది. ఎల్సా తండ్రి నిజంగా వద్దన్న మనిషే అయితే, ఆ మాటని మొదట మంత్రి కొట్టేశాడు, తర్వాత నేను కొట్టేశాను.