జానకిరామయ్య గారి లైను

జానకిరామయ్య గారికి లైనంటే పిచ్చి. ఆయన గేదెలు కూడా లైన్లో నిలబడితేనే కుడితి. ఫోన్లో ఎవరో అమ్మాయి "దయచేసి లైన్లో ఉండండి" అంటే, పక్కనే కుర్చీ ఉన్నా కూర్చోకుండా అరగంట నిలబడ్డాడు.

"కూర్చోని వినొచ్చు గదయ్యా!" అని భార్య మహాలక్ష్మి మొత్తుకుంది.

"ఏమే, లైన్లో ఎవరన్నా కూర్చుంటారా?"

కోటప్పకొండ తిరనాళ్ళలో మరీ ఘోరం. జనం తోస్తే ఇద్దరిని దాటి ముందుకు పడ్డాడట. అన్యాయమైపోయిందని వాళ్ళను వెతుక్కుంటూ వెనక్కి పోయాడు. మహాలక్ష్మి దర్శనం చేసుకుని, గాజులు కొనుక్కుని ఇల్లు చేరింది. ఆయన మర్నాడు వచ్చాడు.

అలాంటి మనిషికి యూరియా లైను చిక్కితే ఇంకేముంది! ఎరువుల సొసైటీ ముందు పొద్దున్నే చెప్పులు వరసలో వదిలి, కౌంటరు తెరిచేదాకా నీడన చేరడం ఊరి అలవాటు. చెప్పులెక్కడుంటే మనిషి చోటు అక్కడే. ఆ చెప్పులకు కాపలా జానకిరామయ్యే. కుక్క ఎత్తుకుపోయిన చెప్పును కూడా తరిమి తెచ్చి, దాని చోట్లోనే పెట్టేవాడు.

మొన్న ఆయన తోలు చెప్పులే మొదటివి. వాటి వెనక అన్న కొడుకు అంకారావువి. చిట్టచివర, నలభై ఒకటో చోట, కౌలుకు పత్తి వేసిన జీవరత్నం హవాయి చెప్పులు.

గుమాస్తా బయటికొచ్చాడు. "నలభై బస్తాలే వచ్చినై. మనిషికొకటి. మళ్ళీ లోడు వచ్చేవారమే."

జీవరత్నం మొహం పాలిపోయింది. "వానపదును ఇప్పుడే ఉందయ్యా. వారం ఆగితే నా పత్తి చేతికి రాదు. కాస్త ముందర నిలబెట్టండయ్యా!"

"లైను లైనే. నిన్ను దూరిస్తే రేపు ఊరంతా దూరుద్ది," అన్నాడు జానకిరామయ్య.

అంకారావుకు ఒళ్ళు మండింది. "ఏంది బాబాయ్ నీ పిచ్చి! ఆమె పంట పోతంటే నువ్వు చెప్పులు చూస్తావా?"

జానకిరామయ్య లైను చివరికంటా నడిచి, జీవరత్నం హవాయి చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. మడమలు రెండూ నేలమీదే ఉన్నాయి.

"పో, నా చెప్పులేసుకోని నిలబడు."

"అయ్యా, అవి మీయి గదా!"

"ఇప్పుడు నీయి. చెప్పులు కదల్లా, లైను తప్పలా. పోవమ్మా!"

మొదటి బస్తా జీవరత్నానికి దక్కింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ చెప్పులు తిరిగి ఇవ్వబోతే, కౌంటరు మూసేదాకా మార్చకూడదని కసిరాడు. నలభయ్యో బస్తా పోయేదాకా ఎండలో అట్లాగే ఉన్నాడు.

అంకారావుకు ఆ మనిషిమీద ప్రేమ పొంగుకొచ్చింది. తన బస్తా భుజానేసుకుని వచ్చాడు. "నీకు రాదని తెలిసీ ఎందుకు నిలబడ్డావ్ బాబాయ్? ఇందులో సగం తీసుకో."

"పక్కనించి దూరి ఇస్తావేందిరా? లైన్లో రా!"

అంకారావు నవ్వుకుంటూ, బస్తాతో సహా వెళ్ళి నలభై రెండోవాడుగా నిలబడ్డాడు.